చెల్లి మడతపెట్టిన పేజీ

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. 2013లో, నా పదిహేడో ఏట, ‘సిటీ ఆఫ్ బోన్స్’ సినిమా చూసి, దానికి మూలమైన పుస్తకం వెతికి పట్టుకున్నాను. కసాండ్రా క్లేర్ రాసిన ‘ద మోర్టల్ ఇన్‌స్ట్రుమెంట్స్’ ఫాంటసీ సిరీస్‌లో ఆరు పుస్తకాలూ ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. మనసు బాగా లేకపోతే ఇప్పటికీ వాటిలో ఏదో ఒకటి తీసి కూర్చుంటాను. మొన్న ఆఫీసులో ఒకామె నా బ్యాగులో పుస్తకం చూసి "ఇంకా పిల్లల పుస్తకాలేనా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ ఆ రోజంతా మనసు మనసులో లేదు.

అంతకన్నా పెద్ద బాధ ఇంకోటి ఉంది. మా పిన్ని కూతురికి పదహారేళ్లు. ఈ పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికి నాకంటూ ఒక మనిషి ఉంటే బాగుండునని, మార్జిన్ల నిండా రాసుకున్న నా సొంత కాపీ తనకిచ్చాను. రోజూ "ఎక్కడిదాకా వచ్చావు?" అని అడిగేదాన్ని. మూడు వారాలయ్యాక "బోర్ కొట్టింది అక్కా, సారీ" అని తిరిగిచ్చేసింది. పైగా 143వ పేజీ మడతపెట్టింది! నా పుస్తకంలో పేజీ మడతపెడితే నాకు ఒళ్లు మండుతుంది. అప్పటినుంచి తనతో సరిగా మాట్లాడట్లేదు. తనేమో ఏదో జపాన్ మాంగా గురించి గంటలు గంటలు చెబుతుంది, చదువు చదువు అంటుంది. (మాంగా అంటే అక్కడి బొమ్మల కథల పుస్తకం.) నాకు తలా తోకా తెలియదు. అయినా ఊ కొడతాను కదా!

ఈ వయసులో నాకీ పిచ్చి తప్పా? చెల్లి చేత ఎలా చదివించాలి? ఏ వరుసలో ఇస్తే నచ్చుతుంది? ఇంకో చిన్న విషయం, ఆ కథలోని రూన్ (ఒంటి మీద గీసుకునే మంత్రపు గుర్తు) ఒకటి చేతి మీద టాటూ వేయించుకోవాలని ఉంది. మీరేమంటారు?
ఒక అభిమాని

సమాధానం:

అభిమాని గారికి,

ఆఫీసు సంగతి చిన్నది కాబట్టి ముందు దాన్ని తేల్చేద్దాం. మీరు చదివే ఈ తరహా పుస్తకాలకి అంటించే ‘యంగ్ అడల్ట్’ అనేది ప్రచురణకర్తలు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న పేరు. సుమారుగా 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం అని దాని అర్థం. ఆ అర ముందు నిజంగా నిలబడేదెవరో అమెరికాలో బౌకర్ అనే సంస్థ 2012లో లెక్క తీసింది. ఈ పుస్తకాలు కొనేవాళ్లలో 55 శాతం మంది 18 దాటినవాళ్లే. వాళ్లలో అందరికన్నా పెద్ద గుంపు 30 నుంచి 44 ఏళ్ల వాళ్లది. పిల్లలకి కొనిపెడుతున్నారేమో అనుకుంటాం కదా, అడిగితే 78 శాతం సార్లు తమకోసమే కొన్నామని చెప్పారు. అంతకుముందే, 1998లో, హ్యారీ పోటర్ మొదటి పుస్తకానికి బ్రిటన్‌లో బ్లూమ్స్‌బరీ వాళ్లు పెద్దల కోసమని వేరే అట్ట వేశారు. కథ అదే. పైన మాత్రం రంగుల బొమ్మ తీసేసి నలుపు తెలుపుల్లో ఒక రైలింజను ఫోటో పెట్టారు. నలుగురిలో కూర్చుని చదవడానికి మొహమాటపడేవాళ్ల కోసం అంత ఏర్పాటు! మన దగ్గర మాత్రం, పిల్లల పేరు చెప్పి చందమామ కొని, పిల్లల కంటే ముందు బేతాళ కథ పూర్తి చేసిన పెద్దవాళ్లు ఎంతమంది లేరు?

అలాగని ఆమె దగ్గరికెళ్లి ఈ అంకెలు అప్పజెప్పకండి. "అవును, ఇంకా అవే" అంటే చాలు. సంజాయిషీ చెప్పడం మొదలుపెట్టామంటే తప్పు ఒప్పుకున్నట్టే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆరు పుస్తకాలూ నాలుగుసార్లు చదివానని ఉంది. మార్జిన్లలో రాసుకున్నానని ఉంది. చెల్లి ఎన్నో పేజీ మడతపెట్టిందో కూడా ఉంది. ఆ కథలో మీకేం నచ్చిందో మాత్రం ఒక్క ముక్క లేదు. చెల్లికైనా చెప్పారా అని నా అనుమానం. "ఎక్కడిదాకా వచ్చావు" అని రోజూ అడిగారు సరే, "నాకు ఇదిగో ఇందుకు ఇష్టం" అని ఒక్కసారైనా కూర్చోబెట్టి చెప్పారా?

మీరు చెప్పలేదు కాబట్టి నేనే ఊహిస్తాను. తప్పయితే మళ్లీ రాయండి.

మీకు నచ్చింది ఆ ఊరు అయ్యుంటుంది. ఫాంటసీ అనగానే ఎక్కడో లేని రాజ్యం, దానికో మ్యాపు, పలకడానికి నోరు తిరగని పేర్లు గుర్తొస్తాయి. అర్బన్ ఫాంటసీ అలా వేరే లోకానికి పోదు. బస్సులు తిరిగే, అద్దెలు కట్టే మామూలు నగరాన్నే తీసుకుని, దాని మీద కంటికి కనిపించని ఇంకో పొర కప్పుతుంది. ‘సిటీ ఆఫ్ బోన్స్’ న్యూయార్క్‌లో పాండెమోనియం అనే డాన్స్ క్లబ్బులో మొదలవుతుంది. పదిహేనేళ్ల క్లేరీ తన నేస్తం సైమన్‌తో అక్కడికి వెళ్తుంది. ఒంటి నిండా వింత గుర్తులున్న ముగ్గురు, నీలి జుట్టు కుర్రాడొకణ్ణి చంపుతుంటే చూస్తుంది. తీరా చూస్తే, దయ్యాలని వేటాడే షాడోహంటర్లైన ఆ ముగ్గురూ ఆమెకి తప్ప ఎవరికీ కనిపించరు. పక్కనున్న సైమన్‌కి కూడా. ఆ క్లబ్బు పేరు చూడండి. పాండెమోనియం అనే మాటని 1667లో ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యంలో మిల్టన్ పుట్టించాడు. నరకంలో దయ్యాల రాజధానికి ఆయన పెట్టిన పేరది. అంటే లోపల ఏముందో గుమ్మం మీదే రాసిపెట్టారన్నమాట. వచ్చిపోయేవాళ్లలో ఎవరికీ పట్టలేదు.

అలాగే మొదటి పుస్తకం చివరి ఘట్టం జరిగే రెన్విక్. చదువుతున్నప్పుడు అది రచయిత్రి కల్పనే అనుకుంటాం. ఈస్ట్ నది మధ్యలో, రూజ్‌వెల్ట్ దీవి మీద, పాత మశూచి ఆసుపత్రి శిథిలం నిజంగానే ఉంది. 1856లో తెరిచారు. దానికి ప్లాన్ గీసిన జేమ్స్ రెన్విక్ జూనియరే మాన్‌హాటన్‌లోని సెయింట్ ప్యాట్రిక్స్ కెథీడ్రల్‌కీ ప్లాన్ గీశాడు. రోజూ వేలమంది కళ్లబడే ఒక మొండిగోడకి కథలో ఇంకో బతుకు దొరికింది. పదిహేడేళ్లప్పుడు ఇలాంటిది చదివితే ఏమవుతుందంటే, పుస్తకం మూశాక మన వీధే కొత్తగా కనిపిస్తుంది. ఎప్పుడూ తాళం వేసి ఉండే ఆ ఇంట్లో ఏముందో అనిపిస్తుంది. మీకూ అలాగే అయ్యుంటుంది. ఈ తరహా కథలు క్లేర్‌తో పుట్టలేదు లెండి. 1987లోనే ఎమ్మా బుల్ ‘వార్ ఫర్ ది ఓక్స్’ నవలలో మినియాపొలిస్ నగరంలో ఒక రాక్ బ్యాండ్ గాయనిని తీసుకెళ్లి మాయలోకపు వాళ్ల యుద్ధంలో పడేసింది. క్లేర్ ఆ గుట్టు పట్టుకుని, పదిహేనేళ్ల పిల్ల చేతిలో పెట్టింది. అదీ సరిగ్గా "ఈ ఇంట్లో నాకు తెలియకుండా ఏదో ఉంది" అని ప్రతి పిల్లకీ అనిపించే వయసులో.

లేదూ, మీకు నచ్చింది ఆ జంట ప్రమాణం అయినా అయ్యుండొచ్చు. ఒకరికోసం ఒకరు ప్రాణం పెడతామని మాటిచ్చుకుని, జీవితాంతం పక్కపక్కనే పోరాడే ఇద్దరిని ఆ కథలో పరబటై అంటారు. పాత గ్రీకులో రథం మీద సారథి పక్కన నిలబడి యుద్ధం చేసేవాడి పేరు నుంచి వచ్చిన మాట. రథీ సారథీ అనుబంధం ఎంత దూరం పోతుందో తెలుగు చదువరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. "నాకంటూ ఒక మనిషి ఉంటే బాగుండునని" అని మీరు రాసిన దగ్గర నాకు ఈ మాటే గుర్తొచ్చింది. మీకు పాఠకురాలు దొరకడం కన్నా పరబటై దొరకడం ముఖ్యంలా ఉంది. ఆ పోస్టుకి చెల్లిని ఎంపిక చేశారు. ఆమెని అడగకుండా.

ఇంకో మాట. నాలుగుసార్లు చదివానన్నారు. అయిదోసారి చదివేటప్పుడు క్లేరీ వెంట పోకుండా, వాళ్లమ్మ జోసెలిన్ వైపు నుంచి చదివి చూడండి. (సిరీస్ చదవనివాళ్లెవరైనా ఇది చూస్తుంటే వచ్చే రెండు వాక్యాలు దాటేయండి.) కూతురికి ఆ రెండో లోకం కనిపించకుండా ఉండాలని, మంత్రగాడు మాగ్నస్ బేన్ చేత పిల్ల జ్ఞాపకాలకే అడ్డుగోడ కట్టించిన తల్లి ఆమె. పదిహేడేళ్లప్పుడు మీకు ఆమె మీద మండిపోయి ఉంటుంది, ఎంత అన్యాయం అని. ఇప్పుడు అంత సులువుగా కోపం రాదు. అన్యాయమే, కానీ ఆ భయం ఎలాంటిదో కాస్త తెలుస్తుంది. అక్షరం మారకుండా పుస్తకం మారడం అంటే ఇదే. "పిల్లల పుస్తకం" అన్నామెకి జవాబు కావాలంటే ఇది చెప్పొచ్చు. మనసు బాగా లేనప్పుడు తీసి చదువుతానన్నారు. అదేం రోగం కాదు. చివరికి ఏమవుతుందో తెలిసిన కథలో కూర్చుంటే టెన్షన్ తగ్గుతుంది. కొందరు పాత పాటలు వింటారు, మీరు న్యూయార్క్ వెళ్లొస్తారు.

ఇప్పుడు చెల్లి దగ్గరికి వద్దాం.

మీరు ఎప్పుడు మొదలుపెట్టారో చూడండి. ఆ సినిమా వచ్చింది 2013 ఆగస్టులో. అప్పటికి అయిదు పుస్తకాలు వచ్చేశాయి. 2007, 2008, 2009ల్లో ఏడాదికొకటి చొప్పున మూడొచ్చి, కథ ఒక కొలిక్కి వచ్చింది. మొదట అనుకున్నది ఆ మూడే. తర్వాత 2011లో నాలుగోది, 2012లో అయిదోది. ఆరోది ‘సిటీ ఆఫ్ హెవెన్లీ ఫైర్’ వచ్చింది 2014 మేలో. అంటే అయిదూ గబగబా మింగేసి, ఆరోదాని కోసం మీరు నెలల తరబడి కాచుక్కూర్చున్నారు. ఆ నెలల్లో ఏం చేశారో నాకు తెలియదు గానీ, అందరు అభిమానులూ ఏం చేస్తారో తెలుసు. ఎవరు చస్తారు, ఎవరు బతుకుతారు, ఎవరు ఎవరితో వెళ్లిపోతారు అని లెక్కలు వేశారు. ఫ్యాన్ ఆర్ట్ వెతికారు. అట్ట బొమ్మ బయటికొస్తే అందులో నీడల్ని కూడా పరిశీలించారు. సినిమాకి రెండో భాగం తీస్తామని ప్రకటించి ఆపేస్తే బాధపడ్డారు. 2016లో ‘షాడోహంటర్స్’ టీవీ సిరీస్ మొదలైతే, పుస్తకంలో ఇలా లేదే అని మొదటి ఎపిసోడ్‌కే తిట్టుకుని, ఆ తర్వాత కుర్ర షాడోహంటర్ అలెక్, మంత్రగాడు మాగ్నస్‌ల జంట కోసం చూస్తూ కూర్చున్నారు. ఆ సిరీస్‌కి 2017లో ఉత్తమ డ్రామాగా, ఎల్‌జీబీటీ పాత్రల్ని బాగా చూపినవాటికిచ్చే గ్లాడ్ మీడియా అవార్డు వస్తే మీకే వచ్చినంత సంబరపడి ఉంటారు. 2018లో ఆపేస్తున్నామని చానెల్ చెప్పినప్పుడు ప్రపంచమంతా అభిమానులు గోల పెట్టారు. 2019లో మూడో సీజన్‌తో అది అయిపోయింది.

ఇదంతా మీ కాపీ మార్జిన్లలో ఉంది. మీరు ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా ఇదంతా కలిపి చదువుతారు. మీ చెల్లి తెరిస్తే ఏముంది? అచ్చయిన కథ ఉంది, దాని పక్కన ఎవరో పెన్నుతో "అయ్యో!!" అని రాసిన గుర్తులున్నాయి. చెల్లికి మీరివ్వాలనుకున్నది మీ పదిహేడో ఏడు. చేతికందింది మాత్రం ఒక లావుపాటి పుస్తకం. పైగా ఎదురుచూపు లేదు. ఆరూ వరుసగా అరలో ఉన్నాయి, అక్క గుమ్మంలో నిలబడి రోజూ హాజరు తీసుకుంటోంది. ఇష్టంగా చదవాల్సింది హోంవర్క్ అయిపోయింది.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మొదటి పుస్తకం మీరు అనుకుంటున్నంత గొప్పగా ఏమీ లేదు. నాకు ఈ సిరీస్ అంటే ఇష్టమే, అందుకే చెబుతున్నాను. క్లేరీ ఒక ప్రశ్న అడుగుతుంది, గురువు హాడ్జ్ జవాబు చెబుతాడు. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు. ఆ లోకం నియమాలన్నీ ఇలా పాఠంలా వస్తాయి. వచ్చిన ప్రతివాళ్లూ అందగాళ్లే, అందగత్తెలే. పైన రాక్షసి పడబోతున్నా కథానాయకుడు జేస్‌కి ఒక వెటకారం గుర్తొస్తుంది. చిన్నప్పటినుంచీ పక్కనే ఉన్న మంచివాడు ఒకవైపు, గాయాలున్న అందగాడు ఇంకోవైపు. 2007లో ఇవి ఇంతగా అరిగిపోలేదు. ఈరోజు పదహారేళ్ల పిల్ల ఇలాంటి జేస్‌లని యాభై మందిని చూసి ఉంటుంది, వాళ్లలో సగంమంది ఇతన్ని చూసి రాసినవాళ్లే అయినా సరే. తొలి అడుగు వేసినవాళ్లకి ఈ కష్టం తప్పదు. తర్వాత వచ్చినవాళ్లు ఆ దారిని రోడ్డు చేసేస్తారు, ఆ తర్వాత చూసేవాళ్లకి మొదటివాళ్లే కాపీ కొట్టినట్టు కనిపిస్తారు. నా లెక్కలో ఈ సిరీస్ నిజంగా ఎత్తుకునేది మూడో పుస్తకం ‘సిటీ ఆఫ్ గ్లాస్’లో. అక్కడిదాకా రమ్మని పదహారేళ్ల పిల్లని బతిమాలడం అంటే, మొదటి రెండు సినిమాలు భరించు, మూడోది బాగుంటుంది అనడమే.

ఆ పరిస్థితిలో 143 పేజీలు చదివిందంటే నిజానికి మీ మీద ప్రేమతో చదివింది. నచ్చని పుస్తకం నేనైతే నలభైలోనే మూసేస్తాను.

నేను కూడా ఒకప్పుడు మీలాగే చేశాను. నాకు ప్రాణమైన నవల ఒకటి ఒక స్నేహితురాలికిచ్చి, కలిసినప్పుడల్లా అడిగి, చివరికి ఆమె నన్ను చూసి పక్క సందులోకి తప్పుకునేదాకా తెచ్చుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఏదో మాటల్లో ఆ నవలలో వంతెన మీద జరిగే ఒక సన్నివేశం చెప్పాను. ఎందుకు చెప్పానో కూడా గుర్తులేదు, చదవమని మాత్రం అనలేదు. మర్నాడు ఫోన్ చేసి, "ఆ వంతెన కథ ఏ పుస్తకంలోది?" అని అడిగింది. పదేళ్లుగా ఆమె అరలో ఉన్న పుస్తకమే అది. కాబట్టి నా సలహా ఇది. ఆ సిరీస్ మొత్తాన్ని చెల్లి ముందు కుప్ప పోయకండి. ఎప్పుడైనా సందర్భం వస్తే ఒక్క సన్నివేశం చెప్పండి. మాగ్నస్ ఇంట్లో పార్టీకి వెళ్లిన సైమన్ ఎలుకగా మారిపోవడం, ఆ ఎలుకని వ్యాంపైర్లు ఎత్తుకుపోవడం, దాన్ని వెతుక్కుంటూ వీళ్లు పాడుబడ్డ హోటల్లోకి దూరడం చెప్పండి. రెండు నిమిషాల పని. నవ్వొస్తే నవ్వుతుంది. లేదంటే లేదు. "అందుకే చదవమన్నాను" అని మాత్రం చివర్లో తగిలించకండి, అంతా పోతుంది.

అయితే అది కూడా ఇప్పుడే వద్దు. దానికి ముందు చేయాల్సింది ఒకటుంది.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు ఎక్కడో తెలుసా? "తనేమో ఏదో జపాన్ మాంగా గురించి గంటలు గంటలు చెబుతుంది, చదువు చదువు అంటుంది, నాకు తలా తోకా తెలియదు, అయినా ఊ కొడతాను కదా!" ఆ మాంగా పేరు కూడా మీరు రాయలేదు. గుర్తులేదేమో. ఇప్పుడు ఈ మాటల్నే చెల్లి రాసినట్టు ఊహించుకోండి: "మా అక్క ఏదో న్యూయార్క్ దయ్యాల పుస్తకం గురించి గంటలు గంటలు చెబుతుంది, నాకు తలా తోకా తెలియదు." ఇద్దరి ఉత్తరమూ ఒకటే. మీ కథలో మాయలోకం కనిపించని మామూలు మనుషుల్ని మండేన్ అంటారు. మీ చెల్లి లోకంలో ఆ మండేన్ మీరే. ఆమె కనీసం మూడు వారాలు ప్రయత్నించింది. మీరు ఊ కొట్టారు.

కాబట్టి ముందు ఫోన్ చేసి ఆ మాంగా పేరు అడగండి. మొదటి సంపుటం తెప్పించుకుని చదవండి. చాలా మాంగాలు కుడి నుంచి ఎడమకి చదవాలి, మొదటి పది పేజీలు చిరాకేస్తుంది, ఓర్చుకోండి. నచ్చినట్టు నటించొద్దు, పదహారేళ్ల పిల్లలు అది ఇట్టే పట్టేస్తారు. అర్థంకానిది అడగండి. "వీడెందుకు ఇలా చేశాడు?" అని మీరు అడిగితే, ఆమె కళ్లు ఎలా వెలుగుతాయో చూడండి. మీ కళ్లు అలా వెలగాలనే కదా మీరు మూడు వారాలు ఎదురుచూసింది. నిజంగానే నచ్చకపోతే, ఒక సంపుటం పూర్తిచేసి "ఇది నాకు ఎక్కలేదు, కానీ ఫలానా చోట బాగుంది" అని చెప్పండి. మీకు ఆమె "బోర్ కొట్టింది అక్కా, సారీ" అని చెప్పింది చూశారా, ఆ హక్కు మీకూ వస్తుంది. అప్పుడు ఆ మాట వింటే ఎందుకు కోపం రాకూడదో కూడా తెలుస్తుంది.

వరుస అడిగారు. ఎప్పటికైనా తనంతట తాను అడిగితే చెప్పడానికి పనికొస్తుంది. క్లేర్ ఈ లోకంలోనే పాత కాలం కథలు కూడా రాసింది. విక్టోరియా రాణి కాలం, 1878 నాటి లండన్‌లో జరిగే ‘ది ఇన్ఫర్నల్ డివైసెస్’ మూడు పుస్తకాలు 2010 నుంచి 2013 వరకు వచ్చాయి. మీరు వాటి ఊసెత్తలేదు. చదవకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అవి చదవండి. చేయి తిరిగాక రాసినవి, ప్రేమ, స్నేహం ఒకదాన్నొకటి నరుక్కోకుండా నడిచే త్రికోణం అందులో ఉంది. నా మటుకు ఆమె రాసినవాటిలో అవే మిన్న. కథాకాలం ప్రకారం అవి ముందు, మీ ఆరూ తర్వాత. అయినా కాలం వరుస పట్టుకోవద్దు. అచ్చయిన వరుసలో చదివితేనే బాగుంటుంది. మొదటి మూడు, తర్వాత ‘క్లాక్‌వర్క్ ఏంజెల్’, ఆపైన ఇదొకటి అదొకటిగా వెళ్తూ, లండన్ కథలో ఆఖరిదైన ‘క్లాక్‌వర్క్ ప్రిన్సెస్’ అయ్యాక ‘సిటీ ఆఫ్ హెవెన్లీ ఫైర్’. ఆ చివరి పుస్తకంలో కొందరు ఎందుకు అలా మౌనంగా ఉంటారో లండన్ కథ తెలిసినవాళ్లకే తగులుతుంది. మాంగా ఇష్టపడే పిల్లకి ఇంకో దారి కూడా ఉంది. ఆ లండన్ కథే మాంగా రూపంలో 2012 నుంచి వచ్చింది, బొమ్మలు వేసింది హ్యేక్యుంగ్ బేక్. అది ఉందని మీకు తెలిస్తే చాలు. ఇంకా ఫోన్ కూడా చేయకుండానే అది కొని పార్సిల్ చేసేస్తారని నాకు భయంగా ఉంది. చేయకండి.

ఒకవేళ తనకి క్లేర్ ఎప్పటికీ ఎక్కకపోవచ్చు. న్యూయార్కే, కానీ పూర్తిగా వేరే న్యూయార్క్ కావాలంటే డానియెల్ హోసే ఓల్డర్ 2015లో రాసిన ‘షాడోషేపర్’ ఉంది. బ్రూక్లిన్‌లో గోడ మీద బొమ్మలు వేసే సియెర్రా అనే అమ్మాయి కథ. గోడ మీది బొమ్మ కన్నీరు పెట్టుకోవడంతో మొదలవుతుంది. బొమ్మలంటే ఇష్టమున్న పిల్ల కాబట్టి అది నచ్చే అవకాశం ఎక్కువ. మీరూ చదవండి. ఇద్దరికీ కొత్తదైన పుస్తకం అయితే ఎవరూ ఎవరికీ పరీక్ష పెట్టనక్కర్లేదు.

మీ ఆకలి మాత్రం చెల్లి ఒక్కతే తీర్చలేదు. పన్నెండేళ్ల ప్రేమని మోయడానికి పదహారేళ్ల పిల్ల భుజాలు చాలవు. మీలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు, వెతుక్కోండి. కుదిరితే రాయండి కూడా. కసాండ్రా క్లేర్ స్వయంగా నవలలు రాయకముందు ఇంకొకరి కథలోని పాత్రలతో ఫ్యాన్ ఫిక్షన్ రాసినామె. ఆ మార్జిన్లలో రాసుకున్నవి ఒకసారి తీసి చూడండి. "అయ్యో" లు పక్కన పెడితే, "ఇలా కాకుండా ఇలా జరిగి ఉంటే" అని ఎక్కడైనా రాసుకున్నారా? ఉంటే అక్కడినుంచి ఒక పేజీ రాయండి. జోసెలిన్ వైపు నుంచి రాస్తే నాకు పంపండి, చదువుతాను. న్యూయార్క్ వద్దు, మీరు రోజూ నడిచే వీధిలో రాయండి. ఆ తాళం వేసిన ఇంట్లో ఏముందో మీకే తెలియాలి.

టాటూ సంగతి మర్చిపోలేదు. ఒళ్లు మీది, వయసు 29, నేను వద్దనడానికి ఎవర్ని? ఒక్కటే గుర్తుచేస్తాను. ఆ కథలో స్టీలీ అనే మంత్రపు పుల్లతో గీసుకున్న రూన్లు చాలావరకు పని అయ్యాక చెరిగిపోతాయి, తెల్లటి మచ్చ మిగులుతుంది. ఎప్పటికీ ఉండేవి చాలా కొద్ది. అంత పెద్ద యోధులే అన్నిటినీ శాశ్వతంగా ఉంచుకోలేదు. మీరు అనుకున్న గుర్తుని అనుకున్న చోట పెన్నుతో గీసుకుని, చెరిగినప్పుడల్లా మళ్లీ గీస్తూ మూడు నెలలు తిరగండి. ఆఫీసులో ఆమె ఈసారి దాన్ని చూసి నవ్వినా మీకేమీ అనిపించకపోతే, వెళ్లి వేయించుకోండి. పరబటై రూన్ మాత్రం ఇప్పుడే వద్దు, దానికి రెండో మనిషి కూడా ఒప్పుకోవాలి.

ఆ 143వ పేజీ ఇంకా అలాగే ఉందా, సాపు చేసి పైన బరువు పెట్టేశారా? పెట్టకపోతే వదిలేయండి. ఇక చదవను అనుకున్నవాళ్లు పేజీ మడతపెట్టరు. మీ మార్జిన్ రాతలున్న పుస్తకంలో అదొక్కటే చెల్లి చేసిన గుర్తు.